వాల్వు తిప్పిందెవరు?

నది రేవుకు కట్టేసిన లాంచీ. కింద ఇంజను గదిలో అక్కా, తమ్ముడూ. ఆమె ఆ లాంచీని నడిపే సరంగు, అతను మెకానిక్కు.

"నీళ్ళు నమలకు. సంగతేంటో చెప్పు."

"చూస్తున్నాగా అక్కా. ఒక్క నిమిషం ఆగు."

"పొద్దుట్నుంచీ ఆగే ఉన్నాను! లాంచీ ఆగింది, నేనాగాను, ఇంకా ఏం ఆగమంటావు? నలభై మంది చూస్తుండగా తనిఖీకొచ్చిన ఆ ఇన్‌స్పెక్టరు టాయిలెట్లో రంగు బిళ్ళ వేసి ఫ్లష్ నొక్కాడు. నొక్కాడో లేదో లాంచీ పక్కన నీళ్ళు ఎర్రగా అయిపోయాయి. ఊరంతా తాగే నీళ్ళురా ఇవి!"

"తెలుసు."

"తెలిస్తే ఇలా ఎందుకైంది? టాయిలెట్ నీళ్ళు నీ మెషీన్లోకి పోతాయి, అక్కడ శుభ్రపడతాయి, ఆ తర్వాతే బయటికొస్తాయి. నువ్వు చెప్పిన మాటలే ఇవన్నీ!"

"బైపాస్ వాల్వు తెరిచుందక్కా. అందుకే మెషీన్లోకి పోకుండా తిన్నగా బయటికొచ్చేసింది."

"అది నువ్వు చెప్పక్కర్లేదు, ఆయనే వేలు పెట్టి చూపించాడు. ఎవరు తెరిచారని అడుగుతున్నా."

"ముందు ఈ కంపు సంగతి చెప్పు. ట్యాంకు మూత తియ్యగానే గుప్పుమంది. పనిచేసే ట్యాంకు ఇలా ఉండదు."

"మాట మార్చకు."

"మార్చట్లేదు. దీన్లో మలాన్ని తినే సూక్ష్మజీవులు ఉండాలి. ఒక్కటీ మిగల్లేదు. టాయిలెట్లో బ్లీచింగ్ పోస్తున్నారా?"

"పోస్తాం. పొయ్యరా మరి? పొద్దునొక మగ్గు, సాయంత్రమొక మగ్గు, ఎవరి మీదా వదలకుండా నేనే పోస్తాను. నా లాంచీలో టాయిలెట్ అద్దంలా ఉండాలి."

"వద్దని ఎన్నిసార్లు చెప్పానక్కా! తలుపు వెనక కాగితం కూడా అంటించాను."

"చింపేశా. తడిసి వేలాడుతుంటే దరిద్రంగా ఉంది."

"ఓరి దేవుడా! అవి బతికుంటేనేగా పని జరిగేది? రోజుకి రెండుసార్లు విషం పోసి, మెషీన్ పాడైందంటే ఎలా?"

"నాకు పాఠాలు చెప్పకు. మామూలు ట్యాంకు పెట్టించరా, నిండితే ఒడ్డున పంపుతో లాగించేద్దాం అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. విన్నావా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు!"

"ఆ లాగించే పంపు ఎక్కడుంది? అవతలి రేవులో. వెళ్ళి రావడానికి ఒక పూట. రోజుకి రెండొందల మంది ఎక్కే లాంచీ ఇది, సాయంత్రానికల్లా నిండిపోతుంది. అప్పుడేం చేసేదానివి? రేపటిదాకా బిగబట్టుకోండమ్మా అనేదానివా?"

"నాకు నవ్వు రావట్లేదు."

"నాకూ రావట్లేదు! ఉప్పునీళ్ళతో పనిచేసే రకం కూడా చూశాను. అది సముద్రంలో తిరిగేవాటికి బాగుంటుంది, మనమైతే రోజూ ఉప్పు మోసుకురావాలి. మూడు నెలలు తిరిగి, పదిమందిని అడిగి ఎంచానక్కా ఇది. ఏదో గాలికి తెచ్చి తగిలించలేదు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు అంతా నా బ్లీచింగ్ మీదికి తోసెయ్. సరే, కంపు నా వల్లే. ఒప్పుకున్నా. మరి ఆ బ్లీచింగే లేచొచ్చి వాల్వు తిప్పిందా? దానికి చేతులున్నాయా?"

"అనలేదు కదా."

"మరి ఆదివారం సర్వీసు చేసిందెవరు?"

"నేనే."

"వాల్వు తాళం తీశావా?"

"తీశాను. పైపులు మంచినీళ్ళతో కడగాలంటే తియ్యాలి. కడిగాను, మూశాను."

"మూశావా?"

"మూశాను."

"చేత్తో తిప్పింది గుర్తుందా? లేక మూసే ఉంటాలే అనుకుంటున్నావా?"

"మూశాను... ఎప్పుడూ మూస్తానక్కా."

"ఎప్పుడూ సంగతి ఎవడిక్కావాలి, ఆదివారం సంగతి చెప్పు! ఆరోజు ఫోను మీద ఫోను. మా పన్నెండు లాంచీలకీ ఈ మెషీన్లు నువ్వే పెట్టాలి, నువ్వే పెట్టాలి అని ఆ లాంచీల కంపెనీ వాళ్ళు. చెవి దగ్గర ఫోను, చేతిలో పానా. పైనుంచి చూస్తూనే ఉన్నాను."

"ఫోను వచ్చిన మాట నిజమే."

"ఆఁ. మరి?"

"తాళం వేశాను. అది బాగా గుర్తుంది. తాళంచెవి తెచ్చి నీ గదిలో మేకుకి కూడా..."

"నా మేకు జోలికెందుకు? వాల్వు తెరిచి పెట్టి తాళం వేసినా తాళం పడుతుందిగా!"

"పడుతుంది."

"పడుతుందా లేదా?"

"పడుతుందన్నానుగా! అరవకు. ఆలోచించుకోనీ."

"ఆలోచించు. కూర్చుని ఆలోచించు. ఆపేసింది నా లాంచీని కదా, నీకేం!"

"నేనే... మర్చిపోయి ఉంటానేమోనక్కా."

"ఉంటానేమో ఏంటి? నాలుగింటికి ఆ ఇన్‌స్పెక్టరు ఆఫీసులో సంజాయిషీ ఇవ్వాలి. సరంగు తెరిస్తే లైసెన్సు పీకేస్తారు, మళ్ళీ ఈ జన్మలో చుక్కాని ముట్టుకోనివ్వరు. మెకానిక్కు మర్చిపోతే వాడి సర్టిఫికెట్ రెండేళ్ళు ఆపుతారు, సోమవారం లాంచీ కదుల్తుంది. వాళ్ళ నోటితో చెప్పిన మాట."

"అయితే ఆ పన్నెండు లాంచీల పని పోయినట్టే."

"పోదా మరి."

"నాలుగేళ్ళు తిరిగితే వచ్చిందక్కా."

"నేను పదకొండేళ్ళు తిరిగాను! ఆడదానికి లాంచీ ఏంటని రేవులో ప్రతి వెధవా పళ్ళికిలించాడు. తాళ్ళు లాగాను, డెక్కు తుడిచాను, అప్పుడు కూర్చోనిచ్చారు చుక్కాని దగ్గర. నీ మతిమరుపుకి అదంతా నీళ్ళపాలు చేసుకోమంటావా?"

"ఇంక తిట్టకు. చాలు. ఆదివారం నుంచి ఈ గురువారం దాకా... ఊరు తాగే నీళ్ళలో. నా కూతురు తాగింది. నీ కొడుకు తాగాడు. ఫోనులో మాట్లాడుకుంటూ వాల్వు వదిలేసినవాడికి పన్నెండు లాంచీలెందుకు? ఇస్తామన్నా ముట్టుకోను."

"అంత మాటెందుకు?"

"ఇందాకట్నుంచీ నువ్వంటున్నదే!"

"కోపంలో ఏదో అన్నాను."

"కోపంలో అన్నా నిజమే అన్నావు. పద్దెనిమిదేళ్ళు చేశాను ఈ పని, ఒక్క బోల్టు వదులుగా వదల్లేదు అనుకుని తిరిగాను. ఇప్పుడు నా చేతుల్ని నేనే నమ్మలేకపోతున్నానక్కా. వద్దు, ఇంక పానా పట్టుకోను. ఆ సంజాయిషీ కాగితం ఇటివ్వు."

"ఉండు. తొందరేముంది?"

"మూడున్నరైంది. ఇవ్వు... 'ఆదివారం సర్వీసు పిమ్మట వాల్వు మూయుట మరచితిని'... ఇదేంటి, ముందే రాసిపెట్టావా?"

"రాశాను."

"ఎప్పుడు?"

"పొద్దున. నువ్వు రాకముందే."

"పోన్లే, నాకు రాయడం ఎలాగూ సరిగ్గా రాదు. ఇక్కడేనా సంతకం?"

"పెన్ను కింద పెట్టు."

"ఎందుకు? సోమవారం నీ లాంచీ కదలాలిగా."

"పెట్టమన్నానా! ఎందుకురా నేనేం చెబితే అది నమ్ముతావు, బుద్ధి లేదా నీకు? నువ్వు మూసే వెళ్ళావు. కంపుకి జనం ముక్కులు మూసుకుంటున్నారని మంగళవారం పొద్దున తాళం తీసి తెరిచింది నేనే."