బిహావో ఆకు

వేలెస్ ఊళ్ళో జామ హల్వా ఫ్యాక్టరీ నడిపే ఎవెలియో చాలా కాలం తర్వాత ఓతీలియా గుమ్మం ముందు నిలబడ్డాడు. హల్వా ముక్కలు చుట్టే బిహావో ఆకు ఒకప్పుడు ఆమె తోటనుంచే వచ్చేది.

“ప్లాస్టిక్ కవర్లు తెచ్చే ఓడ ఇంకా రేవుకి రాలేదమ్మా. చుట్టడానికేమీ లేక పొయ్యిలు ఆర్పేశాం. జామపళ్ళు బుట్టల్లోనే కుళ్ళిపోతున్నాయి.”

“మరి పనిచేసే ఆడవాళ్ళు?”

“ఇళ్ళకి పంపేశాను. మీరు ఆకులిస్తే రేపే పిలుస్తాను.”

“ఇంకెక్కడి ఆకులు, దొన్ ఎవెలియో? మీరు వద్దన్నాక మొక్కలన్నీ పీకేసి కర్రపెండలం వేశాం. ఆ రోజు మా ఆయన ముద్ద ముట్టలేదు.”

“ప్లాస్టిక్ కవర్లు చవగ్గా వస్తున్నాయి కదా అనుకున్నాను.”

“ఆ మాట మీరే వచ్చి చెప్పాల్సింది. డ్రైవరుతో కబురంపారు.”

“మీకు మొహం చూపించలేకపోయాను.”

“సరే, లోపలికి రండి. కాఫీ తాగి వెళ్దురు.”

“మళ్ళీ నాటతారా, ఓతీలియా?”

“నాటతాం. ఆకు చేతికందాలంటే ఏడాది పైనే పడుతుంది. ఈలోగా మీ ఓడ వచ్చేస్తే, మా ఆకు కొంటారా?”

కొంటానని చెప్పడానికే ఎవెలియో నోరు తెరిచాడు. ఆమె అతని మొహంలోకే చూస్తోంది.

“కర్రపెండలాన్నే ఉంచుకోండమ్మా” అన్నాడు చివరికి.