బంతి చూడకూడదు

కెనడాలోని మూస్‌జా ఊళ్లో కుర్రాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌కి విరామం. అక్కడి ఫుట్‌బాల్ అంటే బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. గీత పక్కన ముసలి రిఫరీ, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కొత్త రిఫరీ కాఫీ తాగుతున్నారు.

"ఇందాకటి పరుగు చూశావామ్మా?"

"చూడకేం మాస్టారూ! బంతి చంకలో పెట్టుకుని అరవై గజాలు దూసుకుపోయాడు!"

"అదే నీ తప్పు. నేను నీకు కనిపెట్టమని అప్పగించింది డెబ్బై నాలుగో నంబరువాణ్ణి. వాడు ఎదుటివాడి చొక్కా పట్టి లాగేశాడు. తప్పు జరగ్గానే విసరాల్సిన నీ నారింజ జెండా నడుముకే ఉండిపోయింది."

"అందరూ అరుస్తుంటే కళ్లు బంతి మీదికే పోయాయండీ."

"జనం బంతిని చూడ్డానికే వచ్చారు. మనం అందుకు రాలేదు."

"మీ కళ్లు ఎప్పుడూ అటు పోలేదా?"

"ఊళ్లో రిఫరీలం నలుగురమే. మా అబ్బాయి ఆడిన ప్రతి మ్యాచ్‌కీ నేనున్నాను. పదకొండుసార్లు బంతితో అవతలి చివరి గీత దాటి పాయింట్లు తెచ్చాడు."

"బాగా ఆడేవాడా?"

"ఆడేవాడనే అంటారమ్మా, చూసినవాళ్లు."