మాండ్వి రోడ్డు మీద చిరుత పిల్ల

చీరల మిల్లుల పేట భేస్తాన్‌లో ఒక అద్దె గది, మధ్యాహ్నం. చీరల మూటలతో టెంపో నడిపే రాజలింగం కంచం ముందు కూర్చున్నాడు గానీ అన్నంలో చెయ్యి పెట్టలేదు. భార్య ప్రమీల వదిలేలా లేదు.

“పోనంటే పోను ఆ మాండ్వి రూట్‌కు. సేట్‌కు గూడ చెప్పిన.”

“సేట్‌కు చెప్పింది గాదు, నాకు అసలు ముచ్చట చెప్పు.”

“నడుము నొస్తుంది.”

“నడుము నొస్తే కండ్లెందుకు ఎర్రగయినయి?”

“తిననియ్యవా?”

“తింటున్నవా మరి? నెల సంది చూస్తున్న. పొద్దుగాల్నే చికెన్ దుకాణంల తలకాయలు, పేగులు కవర్ల కట్టించుకపోతున్నవ్. ఎవలకు?”

“కుక్కలకు.”

“మన గల్లీల కుక్కలు లేవా, మాండ్వి దాక మోస్కపోను?”

“చిర్తపులి పిల్లకు.”

“ఏందీ?”

“పిల్లి కన్న జర పెద్దగుంటది. చెరుకు తోట పక్కన, మలుపు కాడ కూసుంటది.”

“దానికి నువ్వు పెట్టుడేంది? తల్లి లేదా?”

“లేదు.”

“ఏమైంది?”

“మూటలు జల్ది దించాలన్నడు సేట్. అప్పుడే తెల్లారుతుంది. తోటల నుంచి అడ్డమొచ్చింది. బ్రేక్ తొక్కిన, ప్రమీల. తొక్కిన.”

“నువ్వా...”

“దిగి చూసేసరికి పానం పోయింది. పిల్ల వచ్చి పాలు తాగుతుంది. సచ్చిన తల్లి కాడ.”

“జంగలాతోళ్లకు, ఫారెస్టు ఆఫీసుకు చెప్పకపోయినవా? తీస్కపోయి సాదుదురు గదా.”

“గుద్దిందెవలంటరు. కేసంటరు, జైలంటరు. భయపడ్డ. తెల్లారి పోతే తల్లి లేదు, ఎవలో ఎత్తుకపోయిండ్రు. పిల్ల అక్కడ్నే ఉంది. నా డబ్బల కోడికూర ఉంటే ఏసిన. తిన్నది. ఇగ రోజూ...”

“మంచి పనే గదా చేసినవ్. జర పాపం తగ్గినట్టే.”

“నేను గూడ గట్లనే అనుకున్న.”

“ఇయ్యాల రాలేదా అది?”

“వచ్చింది. నా ముందట ట్రక్కు పోతుంది. రోడ్డు నడుమ పిల్లను చూసి ట్రక్కోడు హారన్ మీద హారన్ కొట్టిండు, పక్కకు జరుగుతదని.”

“జరగలేదా?”

“ఉరికింది. ట్రక్కుకే ఎదురు.”

“బెదిరి ఉంటది పాపం. అండ్ల నీ తప్పేముంది?”

“బెదరలేదు, ప్రమీల. నేను రోజూ దాన్ని పిలిచేది హారన్ కొట్టే.”