లాంపు మూత

హాల్లో ఆ పాత ప్రొజెక్షన్ టీవీ బీరువాలా సగం గోడను కమ్మేసింది. అతను దాని వెనక బోర్లా పడుకొని ఉన్నాడు. భార్య టార్చి పట్టుకొని నిలబడింది.

“లాంపు బాగానే ఉంది. దాని మూత వదులైంది. అది గట్టిగా మూసుకోకపోతే లాంపు వెలగదు. ఈ స్క్రూ దానంతటది ఊడేది కాదు. ఎవరో విప్పారు.”

“నేనే విప్పాను.”

“నీకేమైనా పిచ్చా? వారం నుంచి తల బద్దలు కొట్టుకుంటున్నాను.”

“టీవీ లేకపోతే నాతో మాట్లాడతారనుకున్నాను.”

“మాట్లాడుతూనే ఉన్నాగా.”

“ఆ, మాట్లాడారు. ‘స్క్రూడ్రైవర్ అందివ్వు, టార్చి ఇటు తిప్పు’ అని. మెకానిక్కు తన హెల్పరుతో ఇంతకన్నా ఎక్కువ మాట్లాడతాడు. నా ట్రాన్స్‌ఫర్ సంగతి ఒక్కసారైనా అడిగారా?”

“ఇంకా టైముందన్నావుగా.”

“వెళ్తానో లేదో రేపు పొద్దున ఆఫీసులో చెప్పెయ్యాలి. అంత దూరం వెళ్తే నెలకోసారి కూడా ఇంటికి రాలేను. వెళ్లొద్దని మీరు ఒక్క మాటంటే మానేస్తానండీ.”

“ఉండు, బిగించనీ. ఇప్పుడు ఆన్ చెయ్యి.”

ఆమె స్విచ్ వేసింది. కాసేపటికి తెర మీద బొమ్మ తేటపడింది. అతను చేతులు దులుపుకుంటూ వచ్చి సోఫాలో కూర్చున్నాడు.

“చూశావా, కొత్తదానిలా ఉంది.”

“అయితే వెళ్తానని చెప్పేస్తాను.”

“నీ ఇష్టం. కాస్త పక్కకి జరుగు, కనపడట్లేదు.”