రెండు గంటలు ముందు నడిచిన గడియారం

టోంగాలోని ఒక చిన్న దీవి. రేవు గదిలోని కంప్యూటర్ ముందు ఆమె కూర్చుని ఉంది, అక్కడి ఆచారం ప్రకారం నడుముకు సంతాపపు చాప చుట్టుకుని. మరిది తలుపు దగ్గర నిలబడ్డాడు.

“కంప్యూటర్ గడియారం సరిచేయమంటే పాత చిట్టాలన్నీ తీశావేంటి వదినా?”

“చర్చి గంట విని దిద్దే గడియారం కదా, ఎంత తప్పుందో తెలియాలిగా. ఇది నెట్‌కి కలిసినప్పుడల్లా రాజధాని నుకుఅలోఫాలోని కంప్యూటర్ సరైన టైం రాసుకుంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తున్నా.”

“తేడా ఎంతుంది?”

“రోజూ మూడు నిమిషాలు. మీ అన్న పోయిన రోజు మాత్రం రెండు గంటలు.”

“కరెంటు పోయుంటుందిలే.”

“కరెంటు పోతే వెనకబడుతుంది. ఇది ముందుకెళ్ళింది.”

“పాత డబ్బా వదినా, దీన్ని నమ్ముతావా?”

“పడవలోంచి మీ అన్న మెసేజ్ రాత్రి ఏడూ ఐదుకి వచ్చిందన్నావు. ‘ఇంజిన్ ఆగింది, ఎండ కళ్ళలో కొడుతోంది’ అని రాశాడు. జూన్ మనకు చలికాలం, ఆరు దాటితే చీకటే. ఏడింటికి ఎండెక్కడిది నాయనా?”

“ఆ రోజు మన ఊరి రగ్బీ మ్యాచ్ ఉంది. ఇక్కడ పడవల మెసేజ్‌లు చూసే నా డ్యూటీ ఏడింటిదాకా. ఐదింటికే గడియారం ఏడుకి తిప్పి, సంతకం పెట్టేసి వెళ్ళిపోయా. రెండు గంటల్లో ఏమవుతుందిలే అనుకున్నా.”

“నీ డ్యూటీ అయ్యాకే మెసేజ్ వచ్చిందని, నిన్నెవరూ ఏమీ అనొద్దని చర్చిలో నిలబడి చెప్పింది నేను. నువ్వు పక్కనే కూర్చుని విన్నావు.”

“విన్నాను. ఇప్పుడేం చేస్తావు?”

“ఆదివారం మళ్ళీ అక్కడే నిలబడతా. ఈసారి టైం నువ్వు చెప్పు.”