వంద తరాల పుల్లీ

మేస్త్రి చెప్పే కథ ఏదైనా నమ్మదగినట్టుగానే మొదలవుతుందని డ్రైవరుకు తెలుసు. ముప్పై ఏళ్లుగా వింటున్నాడు. చిక్కల్లా రెండో గ్లాసు టీ చేతికొచ్చాకే.

ఆ ఉదయం టీ కొట్టు బల్ల మీద ముగ్గురు కూర్చున్నారు: లారీల రిపేరు పని మానేసి చాలా కాలమైన మేస్త్రి, పక్కన డ్రైవరు, ఎదురుగా లారీ యజమాని కూతురు. తండ్రి పోయిన తర్వాత లారీ ఆమె పేరు మీదికి వచ్చింది. వీధికి అవతల షెడ్డు వాకిట్లో అది నిలబడి ఉంది. ఇంజిన్ వేస్తే చాలు, తలుపులతో సహా గడగడ వణుకుతోంది. ఇంజిన్ లోపలి ఇరుసు, అదే క్రాంకు, పోయింది, ఇక బాగుపడదు అని షెడ్డు మెకానిక్కు తేల్చేశాడు. మధ్యాహ్నానికి పాత ఇనుము వ్యాపారి గ్యాసు కట్టరుతో సహా వస్తానన్నాడు. డ్రైవరు పొద్దున్నే వచ్చి లారీ అద్దాలన్నీ తుడిచాడు. ముక్కలైపోయే బండికి అద్దాలు తుడవడం దేనికని ఎవరూ అడగలేదు.

"మేస్త్రి మామయ్యా, దీనికి ఇదివరకు కూడా ఇలాంటి వణుకే వచ్చిందట కదా? నాన్న చెప్పేవారు," అంది ఆమె.

మేస్త్రికి అంతకంటే ఏం కావాలి? కండువా సర్దుకున్నాడు.

"వచ్చిందా అంటావేమిటమ్మా! అప్పటికి నువ్వింకా పుట్టలేదు. ముగ్గురు మెకానిక్కులు చూశారు. ఒకడు ఇంజిన్ మౌంటింగులు మార్చాడు. ఇంకొకడు ఫ్యాను బెల్టు మార్చాడు. మూడోవాడికి ఏమీ తోచక డ్రైవర్ని మార్చమన్నాడు. నేనేం చేశానో తెలుసా? ఇంజిన్ ముందర, క్రాంకు కొసన బ్యాలెన్సర్ పుల్లీ ఉంటుంది చూడు, లోపల ఇనుప గుబ్బ, బయట బరువైన ఇనుప కట్టు, రెంటినీ పట్టి ఉంచుతూ మధ్యలో రబ్బరు. దాని మీద గుబ్బ నుంచి కట్టు దాకా సుద్దముక్కతో ఒక్క గీత గీశాను. ఇంజిన్ వేయమన్నాను, ఆపమన్నాను. చూస్తే గీత రెండు ముక్కలు! సగం ఇక్కడ, సగం అక్కడ. రబ్బరు పట్టు వదిలేసింది, కట్టు జారిపోయి వంకరగా తిరుగుతోంది. వణుకంతా దానిదే."

ఇంతవరకూ అక్షరాలా నిజం. ఆ గీత డ్రైవరు కళ్ల ముందు ఇప్పటికీ ఉంది. అప్పుడు మేస్త్రి చేయి సన్నగా, నూనె మెరుపుతో ఉండేది. గీత గీస్తే దారం పట్టినట్టు వచ్చేది. యజమాని చొక్కా చేతులు మడిచి పక్కనే నిలబడ్డాడు. 'రబ్బరుకూ ఆయుష్షుంటుందండీ' అని మేస్త్రి ఆయనతో అన్న మాట కూడా డ్రైవరుకు గుర్తుంది.

రెండో గ్లాసు వచ్చింది.

"అసలు ఆ గీత కూడా మీ నాన్నగారి నమ్మకం కోసం గీసిందే. జబ్బేమిటో నాకు మూడు వీధుల అవతలే తెలిసిపోయింది."

"చెవితో పట్టేశారా?" అన్నాడు టీ కొట్టాయన పాలు వంచుతూ.

"చెవితో ఎవడైనా పడతాడయ్యా. నేను అరికాళ్లతో పట్టాను! ఇంట్లో మంచం దిగి నేల మీద కాలు పెట్టానో లేదో, ఆహా, ఇది బ్యాలెన్సర్ పుల్లీ అనుకున్నాను. అంత వణుకు! ఈ బల్ల మీద పాలగిన్నె పెడితే పది నిమిషాల్లో వెన్న తేలింది. వీడి మీసం ఒక పక్కది ఊడి రెండో పక్కకి చేరింది. ఏమోయ్, అవునా కాదా?"

డ్రైవరు తలూపాడు. ముప్పై ఏళ్లుగా సరిగ్గా ఈ చోట ఊపుతూనే ఉన్నాడు. అతనికి మీసం ఎన్నడూ లేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పుల్లీ విప్పాలి. దాన్ని ఊడలాగే పుల్లర్ లేదు. పుల్లర్ దేనికి, రెండు వేళ్లున్నాయిగా! ఇలా పట్టాను, ఇలా లాగాను. అంతే, చేతిలోంచి జారి వీధిలో పడి దొర్లడం మొదలెట్టింది. నేను వెనక, అది ముందు. వంతెన దాటింది. గడియారం స్తంభం చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసింది. ట్రాఫిక్ పోలీసు చెయ్యి అడ్డం పెడితే ఆగింది, చెయ్యి దించాకే కదిలింది!"

"మర్యాద తెలిసిన పుల్లీ," అన్నాడు టీ కొట్టాయన.

"నా చేయి తగిలిందిగా మరి! ఇక కొత్తది ఎక్కించాను. నడిమి బోల్టు బిగిస్తుంటే ఆ బిగువుకి భూమి ఒక అంగుళం పక్కకి తిరిగింది. మర్నాడు సూర్యుడు మా ఇంటి కిటికీ వెతుక్కుంటూ పావుగంట ఆలస్యంగా వచ్చాడు. ఇంజిన్ వేస్తే చప్పుడేదీ? వీడు తిరుగుతున్న ఇంజిన్నే మళ్లీ మళ్లీ స్టార్టు చేసేవాడు. మీ నాన్నగారు టీ గ్లాసు బానెట్ మీద పెట్టారమ్మా. చుక్క తొణకలేదు సరికదా, మీగడ కట్టింది. ఎయిర్ ఫిల్టరు మీద పిచ్చుక గుడ్లు పెడితే, అవి పిల్లలై ఎగిరి చూసుకునే దాకా ఊరు మారిన సంగతే వాటికి తెలియదు!"

గ్లాసు తొణకని మాట నిజం. డ్రైవరు స్వయంగా చూశాడు. ఆ పూట యజమాని ఆ గ్లాసు ఎత్తకుండా చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆ మర్నాడే మొదలైన ప్రయాణాలు ముప్పై ఏళ్లు సాగాయి. వానలో వైపరు చప్పుడు, ఎత్తు రోడ్ల మీద రెండో గేరు, పక్క సీట్లో యజమాని కునుకు, అన్నీ ఆ ఒక్క గ్లాసు దగ్గర మొదలైనవే.

ఆమె వాచీ చూసుకుంది. "ఇప్పుడు కూడా ఆ పుల్లీయే అయి ఉండొచ్చు కదా, మామయ్యా?"

మేస్త్రి మొహం గంటు పెట్టుకున్నాడు. "నేను వేసిన పుల్లీయా? వంద తరాలు కదలదమ్మా! మొన్న మెకానిక్కు దాని మీద చెయ్యి వేయబోతే నేనే ఆపాను. అది నా చేతిపని, జోలికి పోకు, ఇంకెక్కడైనా వెతుక్కో అన్నాను. వెతుక్కున్నాడు. క్రాంకు అన్నాడు. ఏమోయ్, వంద తరాలు, అవునా కాదా?"

డ్రైవరు తల ఊగలేదు.

అతనికి ఒక్కసారిగా విషయం బోధపడింది. మెకానిక్కు పుల్లీని చూడనే లేదు. ఈ మాట నిలబడితే లారీ ముక్కలవుతుంది. లారీ నిలబడాలంటే ఈ మాట పడిపోవాలి. ముప్పై ఏళ్ల స్నేహంలో తాను మేస్త్రికి ఇచ్చిందల్లా ఆ తలూపడమే. అదొక్కటే ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి.

లేచాడు. కొట్టు పలక మీద ధరలు రాసే సుద్దముక్క తీసుకున్నాడు. వీధి దాటి, రేడియేటరు కింద వంగి, ఆగి ఉన్న పుల్లీ మీద గుబ్బ నుంచి కట్టు దాకా గీత గీశాడు. కొంచెం వంకరగా వచ్చింది.

"అమ్మా, ఒక్క నిమిషం ఇంజిన్ వేసి ఆపు."

వెనకే వచ్చిన ఆమె ఎక్కి తాళం తిప్పింది. లారీ వణికింది. ఆగింది. మేస్త్రి కూడా చేతిలో గ్లాసుతోనే వచ్చి వంగి చూశాడు. లోపలి గీత పైన ఉంది. బయటి గీత అడుగున ఎక్కడో ఉంది.

"మేస్త్రీ," అన్నాడు డ్రైవరు. "నీ వంద తరాలు ఇవాళ్టితో పూర్తయ్యాయి."

టీ కొట్టాయన నవ్వు అక్కడిదాకా వినిపించింది. మేస్త్రి నవ్వలేదు. మోకాలి మీద చేయి ఆన్చి ఆ రెండు గీతలనూ వేలితో తాకి చూశాడు.

"రబ్బరు కదా," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. "దానికీ ఆయుష్షుంటుంది. నేనే చెప్పాను ఒకప్పుడు."

"అయితే క్రాంకు బాగానే ఉన్నట్టా?" అంది ఆమె.

"పుల్లీ మార్చాకే చెప్పాలమ్మా. చూడకుండా చెప్పకూడదు." ఆ మాట అన్నాక మేస్త్రి తల దించుకున్నాడు. "నేను చూడకుండానే చెప్పాను."

ఆమె ఫోను తీసి, మధ్యాహ్నం రావద్దని పాత ఇనుము వ్యాపారికి చెప్పింది.

"మరి విప్పేదెవరు మామయ్యా?"

మేస్త్రి రెండు వేళ్లు పైకెత్తాడు. అవి సన్నగా వణుకుతున్నాయి. "ఇవి ఉన్నాయిగా!"

డ్రైవరు లారీ ఎక్కి, సీటు ఎత్తి, నూనెగుడ్డలో చుట్టిన మూట ఒకటి తెచ్చాడు. ముప్పై ఏళ్ల కిందట ఈ పుల్లీకి ముందరి దాన్ని లాగిన పుల్లర్ అది. తుప్పు మచ్చ కూడా లేదు. దాన్ని మేస్త్రి చేతుల్లో పెట్టి, చేతులు అదరకుండా తన చేతులు కింద పట్టాడు.

"రెండు వేళ్లతోనే లాగుదువుగానిలే. ముందిది పట్టుకో."