సూపర్ లగ్జరీ గాలిమోటరు

బోధన్ బస్టాండు వెనుక సందులో ఇటు పక్క లింబాద్రి జిరాక్సు దుకాణం, అటు పక్క పోశన్న చాయ్ బండి. నడుమ ఉన్నది ఒక్క సిమెంటు రోడ్డే. దుకాణంలో ఉన్నంతసేపు లింబాద్రి "ఎన్ని కాపీలు? రెండు దిక్కులనా, ఒక్క దిక్కేనా?" అని తప్ప ఇంకో మాట మాట్లాడడు. ఆ రోడ్డు దాటి చాయ్ గ్లాసు పట్టుకున్నడంటే మాత్రం, మిషన్లో కాయిదం పెట్టి పెద్దగ చేసే మీట నొక్కినట్టే. జానెడు సంగతి లోపలికి పోయి గోడంత అయి బయటికొస్తది. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆయన మనసు ఎప్పుడూ ఉన్నదున్నట్టే అనుకుంటది. నాలుకే ఒక అడుగు ముందు నడుస్తది.

ఆ గురువారం సాయంత్రం బడి విడిచినంక సుకన్య టీచర్ వచ్చి పోశన్న బండి ముందర బల్ల మీద కూర్చున్నది. శనివారం బడి గ్రౌండులో పిల్లలకు కాగితం విమానాల, అదే గాలిమోటర్ల, పోటీ పెడుతున్నమని, ఎవరిది ఎంత దూరం పోయిందో కొలిచి, గెలిచినోళ్ల సర్టిఫికెట్ల మీద జడ్జి అని సంతకం పెట్టేందుకు బయటి మనిషి ఒకరు కావాలని, చాయ్ బండి కాడికి పది మంది వస్తరు గనుక తెలిసినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పమని పోశన్నను అడిగింది.

సంతకం అన్న మాట రోడ్డు దాటి జిరాక్సు దుకాణంలోకి పోయింది.

ఇరవై రెండేండ్ల నుంచి లింబాద్రి ఆ మిషన్ ముందర నిలబడి బోధన్‌లో ఉన్న సర్టిఫికెట్లన్నిటికీ కాపీలు తీసిండు. పదో తరగతి మెమోలు, కులం సర్టిఫికెట్లు, కబడ్డీలో గెలిచినోళ్లవి, ముగ్గులేసి గెలిచినోళ్లవి కూడా. ప్రతి దాని కింద ఎవరిదో ఒకరిది వంకర సంతకం. ఒక్కదాని మీద కూడా 'ఎం. లింబాద్రి' అని లేదు. రేపు ఈ పిల్లల సర్టిఫికెట్లు కూడా కాపీలకు తన దగ్గరికే వస్తయి. మిషన్ మూత ఎత్తితే తన సంతకమే తనకు కనబడాలె. వేడివేడిగ తన సంతకమే పది కాపీలై బయటికి రావాలె. ఈ ఆలోచన తలకెక్కేసరికి ఆయన షట్టరు సగం దించి, రోడ్డు దాటి వచ్చి, బల్ల చివర కూర్చున్నడు.

నన్ను పెట్టుండ్రి అని అడిగితే ఏం ఇజ్జత్ ఉంటది? వాళ్లతోనే అడిగించుకోవాలె. అందుకని చాయ్ ఊదుకుంటూ, ఎవరితోనూ కానట్టు మొదలుపెట్టిండు.

"మొన్న ఏం తోచక ఊకెనే కూసుండి ఒక పల్లెవెలుగు మడిచిన."

బల్ల మీద ఉన్న సతీష్‌బాబు తల తిప్పిండు. ఆయనది కోటగిరి దగ్గర క్యాంపు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలం చేసుకున్న కుటుంబం, మూడు తరాలైనా మాట చివర 'అండీ' పోలేదు. పల్లెవెలుగంటే బస్సు కదండీ, దాన్ని మడవడమేమిటని అడిగిండు.

లింబాద్రికి కావలసింది అదే. తన దుకాణంలో చెడిపోయిన కాయిదాలకు కరువు లేదని, వాటితోని మూడు రకాల గాలిమోటర్లు చేస్తనని చెప్పిండు. పల్లెవెలుగుకు రెక్కలు వెడల్పు, మెల్లగ పోతది, ప్రతి స్టేజీ కాడ ఆగినట్టు ఊగి ఊగి దిగుతది. ఎక్స్‌ప్రెస్సుకు ముక్కు సూది లెక్క ఉంటది, తిన్నగ పోతది, ఎవరికన్న తగిలేదాక ఆగది. ఇగ సూపర్ లగ్జరీ. అది మామూలు కాయిదంతోని కాదు, పొడుగు లీగల్ కాయిదంతోనే. ముక్కుకు మూడు మడతలు, తోక కొసలు గోరంత పైకి. ఇక్కడిదాకా చెప్పింది అక్షరం అక్షరం నిజమే. సుకన్య టీచర్ కూడా డైరీ తెరిచి తోక సంగతి రాసుకున్నది. ఆమె రాసుకునుడు లింబాద్రి చూసిండు. చూడకుంటే బాగుండు.

"మరి ఆ పల్లెవెలుగు ఎందాక పోయింది అన్నా?" అని టీచర్ అడిగింది.

రోడ్డు నడుమ దాక, అనుకున్నడు లింబాద్రి.

"గీ బండి దాక," అన్నది నాలుక. "వచ్చి పోశన్న పాలగిన్నె మీద ఒక్క చక్కర్ కొట్టింది. పొంగుతున్న పాలు దాని గాలికి దిగిపోయినయి."

పోశన్న గరిటె ఆపి, నేనుండంగనేనా అన్నా, ఎప్పుడు అని అడిగిండు. నువ్వప్పుడే చక్కెర తెచ్చేందుకు పోయినవని లింబాద్రి చెప్పిండు. చక్కెరకు రోజూ పోయే మనిషే గనుక పోశన్న కాదనలేకపోయిండు.

అది సాగింది గనుక సూపర్ లగ్జరీని షెడ్డు నుంచి బయటికి తీసిండు. పోయిన చలికాలం, చెరుకు కోతలప్పుడు, దుకాణం డాబా ఎక్కి ఒకటి విడిచిండట. అది బస్టాండు మీదికెళ్లి పోతుంటే కండక్టరు ఒకాయన విజిల్ ఊదిండట, ఇంకా ప్యాసింజర్లు ఎక్కలేదని. ఊరు దాటింది. పొలాల మీద కొంగల గుంపు ఎదురై, ఇదేదో తమలో పెద్దమనిషి అనుకొని దాని ఎనుక వరుస కట్టినయి. లింబాద్రి కింద మోపెడ్ మీద ఎంబడి పడ్డడు. అక్కడికి ఆపుదామనే అనుకున్నడు. బడి జడ్జికి ఒక కొంగల గుంపు మస్తు. కానీ అటు టీచర్ ముందుకు వంగి కూర్చున్నది. బండి పక్కన గోనెసంచి పరుచుకొని పూలు గుచ్చుతున్న హన్మవ్వ కూడా దారం పండ్ల నడుమ పట్టుకొని చెవి ఇటు పెట్టింది.

"గప్పుడేమైందో ఎరికేనా?" అన్నది నాలుక.

ఎవరికీ ఎరుక లేదు. లింబాద్రికి కూడా లేదు.

ఒక తోట ఒడ్డున బెల్లం వండుతున్నరట. పెద్ద పెనంలో పాకం కుతకుత ఉడుకుతుంటే ఆ ఆవిరి గాలిమోటరును తాటిచెట్టు ఎత్తుకు లేపింది. లేపితే లేపింది, రెక్కలకు పాకం పట్టింది. పాకం పట్టిందో లేదో చుట్టుపక్కల తేనెటీగలన్నీ వచ్చి వాలినయి. వాలినయి, అంటుకున్నయి, ఊడి రాలేకపోయినయి. రాలేక రెక్కలు కొట్టుడు మొదలుపెట్టినయి. ఎడమ దిక్కు రెండు వందలు, కుడి దిక్కు రెండు వందలు, తోకకు ఒక్కటే, అది అనుభవం ఉన్నది.

"ఇగ సూడుండ్రి టీచర్. గప్పటిదాక అది ఉత్త కాయిదం. గప్పటి సంది అది గాలిమోటరు. మోటరు సప్పుడు ఎడపల్లి దాక ఇనవడ్డది."

మైలేజీ ఎంత ఇచ్చిందండీ, అని సతీష్‌బాబు ఎంతో మర్యాదగ అడిగిండు. మైలేజీకేమి, బెల్లం కాళ్ల కిందనే ఉండె, నాక్కుంట పని చేసుకున్నయని లింబాద్రి అంతే మర్యాదగ చెప్పిండు. కష్టమల్ల తన మోపెడ్‌కే వచ్చింది. ఎడపల్లి దాటంగనే పెట్రోలు అయిపోయింది.

"అయితే మీరు అక్కడే ఆగిపోయారన్నమాట," అన్నడు సతీష్‌బాబు, కథ అయిపోయిందన్న ఆశతోని.

అవును, ఆగిపోయిన, అందామనే లింబాద్రి నోరు తెరిచిండు. తెరిస్తే, పొద్దు వాలుతున్నదని, గాలిమోటరు నీడ రోడ్డు మీద పొడుగ్గ పడ్డదని, ఆ నీడ కొసను మోపెడ్ హ్యాండిలుకు కట్టుకున్ననని, నీడ గుంజుకపోతుంటే తాను బ్రేకు మీద కాలు పెట్టుకొని ఆరాముగ కూర్చున్ననని బయటికొచ్చింది.

"నీడను దేంతోని కట్టినవన్నా?" అన్నడు పోశన్న.

"దేంతోని కట్టుడేంది? నీడనే ముడేసిన."

పోశన్న చాయ్ వడబోసుడు మరిచిపోయిండు. కథ నిజామాబాద్ చేరింది. చౌరస్తాలో ఎర్రలైటు పడితే గాలిమోటరు గాలిలోనే నిలబడ్డది. ట్రాఫిక్ పోలీసాయన సెల్యూట్ కొట్టబోయి, అది సర్కారుదో ప్రైవేటుదో తెలియక చెయ్యి నడుమనే ఆపిండు. పచ్చలైటు పడ్డంక పసుపు మార్కెట్ మీదికెళ్లి పోయింది. కింద పసుపు దులుపుతున్న దుమ్ము లేచి పాకానికి పట్టుకొని గాలిమోటరు పసుపు పూసినట్టు మెరిసింది. హమాలీలు అది పెండ్లిపత్రిక అనుకొని, ఎవరింట్ల పెండ్లి, ఎన్నడు, మటన్ ఉన్నదా అని అడుగుతూ యార్డు చివరిదాక ఉరికిండ్రు. అక్కడినుంచి మెండోర. గోదారి మీద తక్కువ ఎత్తున పోతుంటే చేపలు ఎగిరి ఎగిరి ఈగలను అందుకోబోయినయి. ఒక చేప అట్ల ఎగిరి గట్టు మీది మనిషి సంచిలో పడ్డది, ఆయన ఇప్పటికీ ఫోన్ చేసి మళ్ళీ ఎప్పుడు ఎగిరేస్తరని అడుగుతడు. ఇగ సిరికొండ గుట్టలు. లోలోపల లింబాద్రి తన నాలుకకే దండం పెడుతున్నడు. ఇక్కడనన్న దింపు తల్లీ, ఏ చెట్టుకొమ్మకన్న తగిలియ్యి, నాకు సంతకం ఉన్నది అని. నాలుక ఇనలేదు. గుట్టల చుట్టు తిప్పి, మళ్ళా బోధన్ తెచ్చి, జిరాక్సు దుకాణం మెట్టు మీద, కాళ్లు తుడుచుకునే చోటనే దింపింది.

సందులో పోయే ఆటో ఆయన కూడా బండి ఆపుకొని ఉన్నడు.

"ఇంతకీ ఆ విమానం ఇప్పుడెక్కడుందండీ? ఒక్కసారి చూద్దామని," అన్నడు సతీష్‌బాబు.

"మేక తిన్నది."

"ఏ మేకండీ?"

ఆ ప్రశ్న పడ్డంకనే మేక పుట్టింది. సిరికొండ గుట్ట మీద మేస్తున్న నల్లమేక, కాయిదం వాసన తగిలి ఒక్క దుంకు దుంకి గాలిమోటరు మీద కూర్చున్నదట. అంత దూరం బుద్ధిగ కూర్చొని వచ్చింది. దారిలో ఆకలైతే ఒక తోక కొస మాత్రం కొరికింది. మెట్టు మీద దిగినంక ఇగ ఆపుకోలేక ముక్కు మూడు మడతలతో సహా మొత్తం నమిలింది. ఈగలు సెలవు దొరికిందని ఎగిరిపోయినయి. మేక కూడా సిరికొండ బస్సెక్కి పోయింది.

సుకన్య టీచర్ పెన్ను మూత పెట్టింది, మళ్ళీ తీసింది. నవ్వు దాచుకునేందుకు ఆమె డైరీలోకి చూస్తున్నదని లింబాద్రికి తెలుస్తనే ఉన్నది.

"మంచిది లింబాద్రన్నా. మొత్తం ఎంత దూరం పోయినట్టు?"

ఇదే ఆఖరు అవకాశమని మనసు చెప్పింది. పిల్లల పోటీకి దూరం కొలిచే జడ్జి కావాలె, దూరమే అడుగుతున్నది టీచర్. తక్కువ చెప్పు, తక్కువ చెప్పు.

"పోను రాను మూడు వందల కిలోమీటర్లు," అన్నడు. "అయితే అవి నేల మీది కిలోమీటర్లు కావు టీచర్, గాలి కిలోమీటర్లు. గాలి కిలోమీటరు జర పొడుగుంటది."

అప్పటిదాక నోరు విప్పని హన్మవ్వ పండ్ల నడుమ దారం తీసి పక్కన పెట్టింది.

"టీచరమ్మా, నా మాట ఇను. నేను పూలు కొలిస్తే మూర జానెడైతదని బోధన్ మొత్తం నన్ను తిడ్తది. లింబాద్రి కొలిస్తే జానెడు మండలమైతది. నీ పిలగాండ్ల గాలిమోటర్లు సరిగ్గ కొలవాలంటే మా ఇద్దరిని కలిపి సగం చెయ్యాలె."

పోశన్న చేతిలో చాయ్ గిన్నె ఒరిగి పొయ్యి చుయ్యిమన్నది. సతీష్‌బాబు తువ్వాలు నోట్లో కుక్కుకున్నడు. ఆటో ఆయన నవ్వీ నవ్వీ హారన్ మీద పడ్డడు, అది ఆగకుండ మోగింది. లింబాద్రి కూడా నవ్విండు, అందరికంటె ఒక క్షణం ఆలస్యంగ.

సుకన్య టీచర్ కళ్లు తుడుచుకొని, తక్కువ కొలిస్తే అందరికీ తక్కువే గనుక పిల్లలు కొట్లాడరని, ఎక్కువ కొలిస్తే మాత్రం అందరూ ఫస్టే వస్తరని, అందుకని టేపు అవ్వే పట్టాలని, లింబాద్రన్న మైకు పడితే గ్రౌండు నిండుతదని తేల్చింది. టేపు అబద్ధం ఆడనియ్యది గదా, పట్టుకుంటనన్నది హన్మవ్వ.

"మరి సంతకం?" అన్నడు లింబాద్రి.

"కొలిచినోళ్లదే గద అన్నా."

లింబాద్రి గ్లాసు బల్ల మీద పెట్టిండు. రోడ్డు అవతల సగం దించిన షట్టరు కింది నుంచి మిషన్ పచ్చలైటు కనబడుతున్నది.

"జర తగ్గిస్తే?" అన్నడు.

సందు మొత్తం ఆశ్చర్యపోయింది. లింబాద్రి చెప్పిన దాంట్లో తగ్గించుకునుడు ఇరవై రెండేండ్లలో ఎవరూ చూడలేదు.

"ఏం తగ్గిస్తరు?" అన్నది టీచర్, నిజంగనే తెలుసుకోవాలని.

తేనెటీగలు తీసేయండి అని సతీష్‌బాబు బేరం మొదలుపెట్టిండు. అవి తీస్తే మోటరే లేదు, గాలిమోటరన్న పేరే ఖరాబైతదన్నడు లింబాద్రి. నీడ తియ్యి అన్నడు పోశన్న. నీడ లేకుంటే నేను ఇంటికెట్ల వచ్చిన అన్నడు. పోనీ ఎర్రలైటు కాడ ఆగుడు తియ్యమన్నది హన్మవ్వ.

"బడి పోటీ గదవ్వా. పిల్లలకు ట్రాఫిక్ రూల్సు చెప్పొద్దా?"

ఇగ మిగిలింది ఒక్కటే. లింబాద్రి చాలాసేపు నేల చూసిండు.

"మేకను తీసెయ్యుండ్రి టీచర్."

ఆయన ముఖం చూసి సుకన్య టీచర్‌కు ఇంకో మాట అనబుద్ధి కాలేదు. జడ్జిలు అన్న చోట హన్మవ్వ పేరు రాసి, దాని కింద 'ఎం. లింబాద్రి' అని రాసి, రెండు సంతకాలు పట్టేటట్టు సర్టిఫికెట్లు కొట్టిస్తమన్నది. లింబాద్రి ఆ డైరీని తలకిందులుగనే రెండు సార్లు చదువుకున్నడు.

సతీష్‌బాబుకు మాత్రం ఏదో లెక్క కుదరలేదు. "ఒక్క మాటండీ. మేక లేకపోతే మరి ఆ విమానాన్ని తిన్నదెవరు?"

లింబాద్రి ఆయన దిక్కు చూడలేదు. టీచర్ దిక్కే వంగిండు.

"పేరు రాసింది పెన్సిలుతోనా టీచర్, పెన్నుతోనా?"

"పెన్నుతోనే అన్నా."

"అయితే మేక ఉండె," అన్నడు లింబాద్రి.